చిన్నకారులో సంగీతం: వాట్ల లెక్క

కారులో రేడియో అమర్చడం నేటి సంగతి కాదు. అమెరికాలో గాల్విన్ సంస్థ 1930లో ‘మోటరోలా’ అనే పేరుతో కారు రేడియోను అమ్మకానికి తెచ్చింది. మరుసటి ఏడు, అనగా 1931లో, ఆలన్ బ్లమ్‌లైన్ అనే బ్రిటిష్ ఇంజనీరు రెండు మార్గాల ధ్వనికి పేటెంటు కోరాడు. దానినే మనం స్టీరియో అంటున్నాం. ఈ రెండూ కలిసి నేడు మారుతి ఆల్టో వంటి చిన్నకార్లలో కూడా చోటు చేసుకున్నాయి.

కొన్నాళ్లు గడిచేసరికి, కారుతో వచ్చిన స్టీరియో చాలదనే భావం యజమానికి కలుగుతుంది. కార్ డెకరేటర్ దుకాణానికి వెళతాడు. ఒక పెట్టెమీద ‘50 వాట్లు × 4’ అని ఉంటుంది. పక్కనే ఉన్న ఆంప్లిఫయరు పెట్టెమీద ‘1000 వాట్లు’ అని ఉంటుంది. వాట్లు పెరిగిన కొద్దీ ధరా పెరుగుతుంది. మరి ధ్వని కూడా అంతే పెరుగుతుందా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఓమ్ నియమం, సంవర్గమానాలు, తరంగాల పాఠం చాలు. ఆ లెక్క ముందే వేసుకొన్నవాడు తక్కువ ఖర్చుతో మంచి సంగీతం వింటాడు. వేసుకోనివాడు డబ్బునే కాక, ఒక్కొక్కప్పుడు కారునూ చెవులనూ కూడా నష్టపెట్టుకొంటాడు.

పెట్టెమీది వాట్లు

ఇంజను నడుస్తున్నప్పుడు చిన్నకారు విద్యుద్వలయంలో సుమారు 14.4 వోల్టులు ఉంటాయి. కారు స్పీకరు అవరోధం సాధారణంగా 4 ఓములు. స్టీరియోలోని ఆంప్లిఫయరు తన దగ్గరున్న వోల్టేజిని పూర్తిగా స్పీకరుకు ఇచ్చిందనుకొందాం. సామర్థ్యం కావాలంటే వోల్టేజి వర్గాన్ని అవరోధంతో భాగించాలి. 14.4 వర్గం 207.36. దానిని 4తో భాగిస్తే 51.84. పెట్టెమీది 50 వాట్లు ఎక్కడినుంచి వచ్చాయో తెలిసింది కదా!

కాని ఇది వోల్టేజి ఎడతెగకుండా శిఖరం మీదనే నిలిచి ఉన్నప్పటి లెక్క. సంగీతం అట్లా ఉండదు. శుద్ధమైన స్వరం సైన్ తరంగం. దాని శిఖరం 14.4 వోల్టులైతే, సగటు సామర్థ్యం పైదానిలో సరిగా సగం, అనగా సుమారు 26 వాట్లు. ట్రాన్సిస్టర్లలో కొంత వోల్టేజి పోతుంది కనుక ధ్వని చెడకుండా వచ్చేది ఒక్కొక్క స్పీకరుకు 20 వాట్ల ప్రాంతంలోనే. వివరణ పత్రాన్ని చివరిదాకా చదివితే ‘ఆర్.ఎం.ఎస్.’ అనే మాట పక్కన ఇంచుమించు ఈ సంఖ్యే కనిపిస్తుంది. పోల్చవలసినది ఆ సంఖ్యనే.

ఇంతకుమించి సామర్థ్యం కావాలంటే విడిగా ఆంప్లిఫయరు పెట్టాలి. అందులో బ్యాటరీ వోల్టేజిని పెంచే ఏర్పాటు ఉంటుంది. కాని అది నిజంగా అవసరమా అన్నది తరువాతి లెక్కను బట్టి తేలుతుంది.

రెట్టింపు వాట్లు, రెట్టింపు ధ్వని కాదు

మన చెవి సామర్థ్యాన్ని సంవర్గమాన పద్ధతిలో గ్రహిస్తుంది. అందుకే ధ్వనిని డెసిబెళ్లలో కొలుస్తాం. సామర్థ్యం రెట్టింపయితే పెరిగేది 3 డెసిబెళ్లు మాత్రమే. ఆ తేడా తెలుస్తుంది, అంతే. ధ్వని చెవికి రెట్టింపుగా తోచాలంటే సుమారు 10 డెసిబెళ్లు పెరగాలి, అనగా సామర్థ్యం 10 రెట్లు కావాలి. 20 వాట్లను 50 వాట్లుగా మార్చితే లాభం 4 డెసిబెళ్లు.

ఇక స్పీకరు సంగతి చూద్దాం. ఒక వాట్ సామర్థ్యం ఇచ్చి, ఒక మీటరు దూరంలో కొలిచిన ధ్వని స్థాయిని స్పీకరు సూక్ష్మగ్రాహ్యత అంటారు. ఒక స్పీకరుకు అది 86 డెసిబెళ్లు, మరొకదానికి 92 అనుకొందాం. తేడా 6 డెసిబెళ్లు. అనగా రెండవ స్పీకరు 20 వాట్లతో చేసే పనిని మొదటిదాని చేత చేయించడానికి 80 వాట్లు కావాలి. సరియైన స్పీకరును ఎన్నుకొంటే, ఆంప్లిఫయరు కొనకుండానే నాలుగు రెట్ల ఫలితం వస్తుందన్నమాట.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కొందరు తయారీదారులు 1 వాట్‌కు బదులు 2.83 వోల్టులకు కొలిచిన సంఖ్యను ముద్రిస్తారు. 8 ఓముల స్పీకరుకు 2.83 వోల్టులు సరిగా 1 వాట్ అవుతాయి. 4 ఓముల స్పీకరుకు అవే వోల్టులు 2 వాట్లు. అట్టి సంఖ్యనుండి 3 తీసివేసిన తరువాతనే మరొకదానితో పోల్చాలి.

తలుపే స్పీకరు పెట్టె

స్పీకరు శంకువు ముందుకు కదిలినప్పుడు ముందువైపు గాలి నొక్కుకొంటుంది, వెనుకవైపు గాలి పలచబడుతుంది. కావున ముందు తరంగమూ వెనుక తరంగమూ వ్యతిరేక దశలో ఉంటాయి. విసనకర్రను నెమ్మదిగా ఊపితే గాలి దాని అంచుల చుట్టూ జారిపోయినట్లు, మంద్ర స్వరాలలో ముందరి గాలి స్పీకరు అంచు చుట్టి వెనుకకు పోతుంది. రెండు తరంగాలూ ఒకదానినొకటి రద్దు చేసుకొంటాయి. బాస్ వినిపించదు. ఇంట్లో వాడే స్పీకర్లకు పెట్టె ఉండడానికి ముఖ్య కారణం ఇదే.

కారులో ఆ పెట్టె పని తలుపు చేయాలి. కాని చిన్నకారు తలుపు పలుచని రేకు. అద్దం యంత్రాన్ని బిగించడానికి లోపలి రేకులో పెద్ద పెద్ద కంతలు ఉంటాయి. ఎంత ఖరీదైన స్పీకరు బిగించినా, ఆ కంతలగుండా వెనుక తరంగం లోపలికి వచ్చి ముందరిదానిని తినివేస్తుంది. పైగా రేకు తన సహజ పౌనఃపున్యం వద్ద అనునాదం చెంది గరగరమంటుంది. దీనికి మందు రెండు పనులు: కంతలను మూయడం, రేకుకు లోపల డాంపింగ్ షీటు అతికించడం. స్పీకరు చట్రానికీ రేకుకూ మధ్య సందు లేకుండా స్పాంజి పట్టీ వేయాలి. ఒక్క జాగ్రత్త: తలుపు అడుగున నీరు పోయే రంధ్రాలను మాత్రం మూయకూడదు, మూస్తే వాననీరు నిలిచి తలుపు తుప్పు పడుతుంది.

దుకాణంలో బల్లకు బిగించి వినిపించే స్పీకరు మన తలుపులో అట్లాగే పలకదన్న విషయం దీనినిబట్టి గ్రహించవచ్చు.

చిన్నగది చేసే మేలు, కీడు

ఆల్టో వంటి కారు లోపలి పొడవు సుమారు 2.4 మీటర్లు అనుకొందాం. మన వేసవి వేడిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 350 మీటర్లు. ఈ పొడవులో సగం తరంగం ఇమడాలంటే తరంగదైర్ఘ్యం 4.8 మీటర్లు, పౌనఃపున్యం సుమారు 73 హెర్ట్జులు. అంతకన్న తక్కువ పౌనఃపున్యాలలో కారు లోపల తరంగం ప్రయాణించడానికి చోటే లేదు. అప్పుడు స్పీకరు సైకిలు పంపులాగా కారులోని గాలి మొత్తాన్ని ఒక్కసారిగా నొక్కి వదలుతుంది. పౌనఃపున్యం సగానికి దిగినప్పుడల్లా ధ్వని పీడనం సిద్ధాంతరీత్యా 12 డెసిబెళ్లదాకా పెరగాలి. రేకులు వంగడం వల్ల, సందుల వల్ల నిజంగా వచ్చేది అంతకు తక్కువే. అయినా ఇది చిన్నకారుకు ప్రకృతి ఇచ్చిన బహుమతి. సీటు కింద ఇమిడే చిన్న సబ్‌వూఫరు కూడా ఇందులో బాగా పలుకుతుంది. డిక్కీని పూర్తిగా ఆక్రమించే పెట్టె అవసరం లేదు. అద్దాలు దించి వినండి. బాస్ తగ్గిపోవడం తెలుస్తుంది.

ఇక కీడు. మన దేశంలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు. కుడి స్పీకరు అతనికి దగ్గర, ఎడమది దూరం. తేడా అర మీటరైతే కుడి ధ్వని 1.4 మిల్లీసెకన్లు ముందుగా చేరుతుంది. ముందుగా చేరిన ధ్వని వైపునుంచే శబ్దం వస్తున్నట్లు మెదడు నిర్ణయిస్తుంది. జర్మనీలో హెల్ముట్ హాస్ 1949లో దీనిని గురించి పరిశోధించాడు కనుక దీనిని హాస్ ప్రభావం అంటారు. అందుచేత పాట మొత్తం కుడి తలుపులోనుంచి వస్తున్నట్లు తోస్తుంది. దీనికి ఎక్కువ వాట్లు మందు కాదు. దగ్గరి స్పీకరు ధ్వనిని ఆ 1.4 మిల్లీసెకన్లు ఆలస్యం చేసే సౌకర్యం కొన్ని స్టీరియోలలో ఉంటుంది. అది ఉన్నదానిని ఎన్నుకోవడం మేలు.

తీగ, ఫ్యూజు, బ్యాటరీ

విడి ఆంప్లిఫయరు పెట్టదలచినవారు ఇక్కడ ఆగి ఆలోచించాలి. 200 వాట్ల నిజసామర్థ్యం గల ఆంప్లిఫయరు 80 శాతం దక్షతతో పనిచేస్తే, బ్యాటరీ వైపునుంచి 250 వాట్లు తీసుకొంటుంది. అనగా సుమారు 18 ఆంపియర్లు. 4 మీటర్ల పొడవు, 2.5 చదరపు మిల్లీమీటర్ల అడ్డుకోత గల రాగితీగ నిరోధం 0.0275 ఓము. 18 ఆంపియర్లకు అందులో అర వోల్టు పోతుంది. 9 వాట్లు వేడిగా మారుతాయి. 10 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే రెండూ నాలుగో వంతుకు తగ్గుతాయి. రాగిపూత పూసిన అల్యూమినియం తీగలు కూడా అమ్ముతారు. వాటి నిరోధం ఇంకా ఎక్కువ. కొనేటప్పుడు అడిగి తెలుసుకోవాలి.

బ్యాటరీ నుంచి వచ్చే తీగకు ఫ్యూజు బ్యాటరీ దగ్గరనే, మూరెడు దూరంలోపల ఉండాలి. ఆంప్లిఫయరు దగ్గర పెట్టిన ఫ్యూజు ఆంప్లిఫయరును కాపాడుతుంది గాని తీగను కాపాడదు. బోనెట్టు నుంచి లోపలికి వచ్చేచోట రేకు అంచుకు ఒరిసి తీగ తొడుగు తెగితే, వందల ఆంపియర్లు శరీరపు రేకులోకి ప్రవహిస్తాయి. అప్పుడు నిప్పు పుట్టడానికి క్షణాలు చాలు. రంధ్రం అంచుకు రబ్బరు తొడుగు తప్పనిసరి.

ఆల్టో వంటి కారు బ్యాటరీ 35 ఆంపియర్-గంటలది. ఇంజను ఆపి, 5 ఆంపియర్లు తీసుకొంటూ పాటలు వింటే మూడున్నర గంటలలో సగం ఖాళీ. ఆ తరువాత ఇంజను అందుకోకపోతే ఆశ్చర్యం లేదు.

చెవికి హద్దు

వేగంగా పోతున్న చిన్నకారులో చక్రాల మోత, గాలి మోత కలిసి 70 డెసిబెళ్ల ప్రాంతంలో ఉంటాయి. పాట వాటికి మించి వినిపించాలని ధ్వనిని పెంచుతాం. కాని 85 డెసిబెళ్లను రోజుకు 8 గంటలకు మించి వినరాదని అమెరికాలోని వృత్త్యారోగ్య పరిశోధన సంస్థ సలహా. అది 3 డెసిబెళ్లు పెరిగినప్పుడల్లా కాలం సగమవుతుంది. 88కి 4 గంటలు, 94కు 1 గంట, 100కు 15 నిమిషాలు. లోపలి చెవిలోని రోమకణాలు ఒకసారి నశిస్తే తిరిగి మొలవవు. పైగా వెనుకవచ్చే లారీ హారనూ, అంబులెన్సు కూతా వినిపించనంత ధ్వని మన ప్రాణానికీ పరుల ప్రాణానికీ ముప్పు. తలుపులకు డాంపింగ్ వేస్తే బయటి మోత కూడా కొంత తగ్గుతుంది. పాటను తక్కువ స్థాయిలోనే హాయిగా వినవచ్చు.

ప్రణాళిక

పై విషయాలన్నీ కూర్చుకొంటే క్రమం దానంతటదే తేలుతుంది. మొదట తలుపుల్లో చోటు కొలవాలి: వెడల్పు మాత్రమే కాక, అద్దం దిగినప్పుడు తగలని లోతు కూడా. రెండవది, ముందు తలుపులను మూసి డాంపింగ్ చేయడం. మూడవది, సూక్ష్మగ్రాహ్యత ఎక్కువగా గల ఒక జత ముందు స్పీకర్లు. ఇంతవరకు చేసి నెలరోజులు వినాలి. చాలామందికి ఇదే చాలుతుంది. వెనుక స్పీకర్లకు తొందర లేదు. బాస్ ఇంకా కావాలనిపిస్తే సీటు కింది సబ్‌వూఫరు, దానికి తగిన తీగ, ఫ్యూజు. కారు వారంటీలో ఉంటే అసలు తీగలను కోయనీయక, కప్లర్ల ద్వారానే కలిపించాలి.

ఉపాధ్యాయులు దీనిని మంచి ప్రయోగపాఠంగా మలచవచ్చు. పాఠశాల ఆవరణలో ఆపి ఉన్న ఒక కారు, డెసిబెళ్లు చూపే ఫోను చాలు. ఫోను చూపే సంఖ్య కచ్చితం కాకపోయినా తేడాలు తెలుస్తాయి. ఇంజను ఆపి, 40, 80, 160 హెర్ట్జుల స్వరాలను ఒకదాని తరువాత ఒకటి తక్కువ స్థాయిలో వినిపించి, అద్దాలు మూసినప్పుడు ఎంత, దించినప్పుడు ఎంత అని పట్టిక వేయించండి. ఏ స్వరం దగ్గర తేడా ఎక్కువ ఉన్నదో, ఎందుకున్నదో విద్యార్థులే చెప్పగలుగుతారు. ఆ లెక్క వచ్చిన విద్యార్థి రేపు దుకాణంలో నిలుచున్నప్పుడు పెట్టెమీది పెద్ద అంకెను చూసి మోసపోడు.