తుపాకీ స్కోపులపై బైబిల్ సంకేతాలు: అభ్యంతరం ఎందుకు?

అమెరికా సైనికుల తుపాకులకు అమర్చే స్కోపులపై, వాటి నమూనా సంఖ్య చివర ‘జేఎన్8:12’ వంటి సూక్ష్మాక్షరాలు ఉన్నట్లు 2010 జనవరిలో ఏబీసీ న్యూస్ వెల్లడించింది. ఆ సంకేతం యోహాను సువార్త 8వ అధ్యాయం, 12వ వచనాన్ని సూచిస్తుంది. క్రీస్తు తనను లోకానికి వెలుగుగా చెప్పుకున్న వచనమది. వాటిని తయారుచేసినది మిచిగాన్ రాష్ట్రానికి చెందిన ట్రిజికాన్ సంస్థ.

ప్రైవేటు సంస్థ తన ఉత్పత్తిపై తన విశ్వాసాన్ని చాటుకోవడం నేరం కాదు. అయితే ప్రజాధనంతో కొన్న ఆయుధంపై అదే సంకేతం ఉన్నప్పుడు, అది ప్రభుత్వ వాక్కుగా కనిపిస్తుంది. అధికారిక మతాన్ని నెలకొల్పే చట్టాలు చేయరాదని 1791 నాటి అమెరికా రాజ్యాంగ మొదటి సవరణ నిర్దేశిస్తోంది. ఇరాక్, అఫ్గానిస్థాన్‌లలో సైనికులు మతప్రచారం చేయరాదన్న ఉత్తర్వు కూడా అప్పటికే అమలులో ఉంది.

ముస్లింలు అధికంగా నివసించే ఆ దేశాలలో ఇటువంటి సంకేతాలు, అమెరికా సాగిస్తున్నది మతయుద్ధమేనన్న ప్రత్యర్థుల ప్రచారానికి ఊతమిచ్చి, సైనికుల ప్రాణాలకే ముప్పు తేగలవని విమర్శకులు హెచ్చరించారు. ఆ సైన్యంలో ముస్లింలు, యూదులు, ఏ మతాన్నీ నమ్మనివారూ ఉన్నారు.

విమర్శలు వెల్లువెత్తడంతో, సైన్యానికి సరఫరా చేసే స్కోపులపై సంకేతాలను నిలిపివేస్తామని, ఉన్నవాటిని తొలగించే సామగ్రిని అందజేస్తామని ట్రిజికాన్ అదే నెలలో ప్రకటించింది. న్యూజిలాండ్ సైన్యం కూడా తన స్కోపులపై వాటిని తొలగించాలని నిర్ణయించింది.

సైనికుడు తన జేబులో తనకు నచ్చిన మతగ్రంథాన్ని ఉంచుకోవచ్చు. ప్రభుత్వం అతని చేతికిచ్చే ఆయుధం మాత్రం ఏ మతం పక్షానా మాట్లాడరాదు.