నిద్ర కోసం సీబీడీ నూనె కొనాల్నా?

ఫోన్ల రీలు తిప్పితే చాలు, నాలుక కింద నాలుగు చుక్కలేస్తే కమ్మగ నిద్ర పడ్తది, మనాది మాయమైతదని చెప్తున్రు. దాని పేరే సీబీడీ నూనె. జనగామల పిల్లలు కొందరు నన్నడిగిన్రు: "అన్నా, ఇది మంచిదేనా? పోలీసోళ్లు పట్టుకుంటరా?"

సీబీడీ గంజాయి చెట్ల ఉండే పదార్థమే. గాని మత్తెక్కించేది అది కాదు, టీహెచ్‌సీ అనే ఇంకోటి. మహబూబాబాద్ దారిల పట్టుబడే ఎండు గంజాయిల మత్తు దానిదే. దాన్ని సిగరెట్ల నింపి తాగితే రంది పోవుడు పక్కకుంచు, గుండె దడ పెరుగుతది. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం చెట్టు పూతను గంజాయి అంటది, పూత లేని ఉత్త ఆకును అనదు. ఆ సందుల నుంచే ఆకు నూనెను ఆయుర్వేద లైసెన్సు మీద, డాక్టర్ చీటీతోని అమ్ముతున్రు. అట్లని దొడ్ల చెట్టు పెంచినవో, పదేండ్ల దాకా జైలు.

మరి నిద్ర పడ్తదా? అమెరికాల కొలరాడో క్లినిక్ల ఆందోళన, నిద్రలేమి ఉన్న 72 మందికి సీబీడీ ఇచ్చి చూసిన్రు. 2019ల అచ్చయిన లెక్క ఇది. మొదటి నెలల 57 మందికి ఆందోళన తగ్గింది, 48 మందికి నిద్ర మెరుగైంది. తర్వాత నెలల్ల నిద్ర ఒకసారి బాగ, ఒకసారి ఓగ. పైగా ఉత్త నూనె ఇచ్చినోళ్లతోని పోల్చి చూడలే. అటువంటప్పుడు పనిచేసింది మందో, నమ్మకమో ఎట్ల చెప్తం? 2018ల అమెరికా సర్కారు సీబీడీ మందుకు ఒప్పుకున్నది అరుదైన మూర్ఛ రోగాలకు, నిద్రకు కాదు. 2017ల అచ్చయిన ఇంకో లెక్కల, ఆన్‌లైన్ల కొన్న 84 సీబీడీ సరుకులు పరీక్షిస్తే, సీసా మీద రాసినంత ఉన్నయి 26 మాత్రమే. 18టిల టీహెచ్‌సీ దొరికింది!

2023 జులై 27న మోరంచవాగు మోరంచపల్లిని ముంచింది. ఇండ్ల మీదికెక్కి పానం కాపాడుకున్నోళ్లున్నరు. అసొంటోళ్లకు మొగులు పట్టిన రాత్రి కన్నంటకపోతే అది పిరికితనం కాదు, మనసుకు తగిలిన దెబ్బ. వరదొస్తే బియ్యం, దుప్పట్లు పంచుతరు గని మనసు డాక్టర్‌ను ఊరికి తోలాలన్న సోయి మన లీడర్లకు ఎప్పుడొస్తదో! 2017 చట్టం ప్రకారం సర్కారు దవాఖానల మానసిక వైద్యం మన హక్కు. అడగాలె.

నిద్రలేమికి డాక్టర్లు ముందుగాల చెప్పేది మాటల వైద్యం. రోజూ ఒకే టైముకు లేచుడు, నిద్రొస్తేనే మంచమెక్కుడు, పట్టకపోతే లేచి కూసునుడు అండ్ల భాగమే. బొగ్గుబాయి నైట్ షిఫ్టోళ్లకు ఇది అంత అలకగ కుదరది, అది వేరే ముచ్చట. టెలీ మానస్ నంబరు 14416, పైసల్ లేవు, తెలుగులనే మాట్లాడొచ్చు.

ఇప్పటికే నూనె వాడుతున్నోళ్లు డాక్టర్‌కు దాచకున్రి. మూర్ఛ గోలీలు, రక్తం పలుచన చేసే గోలీలు ఏసుకునేటోళ్లయితే అసలే దాచొద్దు. వాటితోని సీబీడీ కలిస్తే ఆ మందుల జోరు ఒంట్ల ఎక్కువైతది.