ఐవీ తీగ, ఇంటి గాలి

కొత్తగా రంగు వేసిన గోడలు, ప్లైవుడ్ అలమారలు, దోమల కాయిల్ పొగ, తాలింపు ఘాటు – ఇవన్నీ చేరినప్పుడు కిటికీలు మూసిన గదిలోని గాలి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. బెంగళూరులో చిన్న అద్దె ఇళ్లలో కాపురముండే కుటుంబాలకు ఇది నిత్యసమస్య. దీనికి పరిష్కారంగా ‘గాలిని శుద్ధిచేసే మొక్క’ అంటూ నర్సరీలలో ఐవీ తీగను చూపుతారు. ఆ మాటలో నిజమెంతో తెలుసుకొని తీగను ఇంటికి తెచ్చుకోవడం మేలు.

ఈ ఖ్యాతికి మూలం 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా వెలువరించిన పరిశోధన. గాలి చొరబడని పెట్టెలలో మొక్కలను ఉంచి, బెంజీన్ వంటి హానికర వాయువులను పంపి పరీక్షించారు. ఐవీ ఉంచిన పెట్టెలో ఒక్క రోజులో బెంజీన్ సుమారు 90 శాతం తగ్గింది. వేళ్ల చుట్టూ మట్టిలో ఉండే సూక్ష్మజీవులకూ ఇందులో పాత్ర ఉన్నదని తేలింది.

అయితే ఇల్లు మూసిన పెట్టె కాదు. కిటికీల నుండి, తలుపు సందుల నుండి గాలి వస్తూ పోతూ ఉంటుంది. ఆ రాకపోకలే మొక్కకన్నా ఎన్నో రెట్లు వేగంగా ఇటువంటి వాయువులను వెలుపలికి తీసుకుపోతాయి. 2019లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పూర్వపు ప్రయోగాల ఫలితాలను తిరిగి లెక్కగట్టారు. ఈ గాలి మార్పిడితో సరితూగాలంటే చదరపు మీటరు నేలకు 10 నుండి 1,000 మొక్కలు కావాలని తేల్చారు. అంటే పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు గల గదికి కనీసం 90 కుండీలు!

కనుక ఐవీని పచ్చదనం కోసం పెంచుకోవాలి. గాలి కోసం కిటికీని నమ్ముకోవాలి. వంట వేళ కిటికీ తెరవడం, లేదా ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయడం, కాయిల్‌కు బదులు దోమతెర కట్టడం, రంగులు వేసిన తరువాత కొన్నాళ్లు గదికి గాలి తగలనివ్వడం – ఇవే అసలైన ఉపాయాలు. ఇల్లు పెద్ద రోడ్డు పక్కన ఉంటే వాహనాల రద్దీ తగ్గిన వేళల్లో కిటికీలు తెరవాలి.

ఐవీకి చల్లదనం ఇష్టం. నేరుగా ఎండ పడని వెలుతురులో కుండీని ఉంచి, పైమట్టి ఆరిన తరువాతే నీరు పోయాలి. వేసవి పొడిగాలికి ఎర్రనల్లి పట్టకుండా ఆకులను అప్పుడప్పుడు నీటితో కడగాలి. కణుపులున్న కొమ్మను తుంచి నాటితే వేళ్లూనుకుంటుంది.

ఐవీ ఆకులు, కాయలు విషపూరితం. రసం తగిలితే కొందరికి దద్దుర్లు వస్తాయి. పసిపిల్లలకు, పెంపుడు జంతువులకు అందని ఎత్తున వేలాడదీయాలి. కుండీ కింది పళ్లెంలో నీరు నిలిస్తే డెంగీ దోమలు గుడ్లు పెడతాయి. వారానికి ఒకసారైనా ఆ పళ్లెమును ఒంపి, తుడిచి ఆరబెట్టడం ప్రతి ఇంటివారి బాధ్యత.