12 సెంటీమీటర్ల తేడా

మెదక్ నుంచి 15 కిలోమీటర్లు పోతే పోచారం ప్రాజెక్టు. 1922 నాటిది. ఇలాంటి నీళ్లలో వల వేయడానికి మనవాళ్లకు గుండ్రటి పుట్టి చాలు. అక్కడే 6.4 మీటర్ల పొడవు, 43 సెంటీమీటర్ల వెడల్పున్న సర్ఫ్‌స్కీ దింపితే? కొత్తవాడు పది లెక్కపెట్టేలోపు నీళ్లలో ఉంటాడు.

సర్ఫ్‌స్కీ అంటే పైన మూత లేని సన్నటి పడవ. కాళ్లతో చుక్కాని తిప్పుతూ, రెండు కొసలా రెక్కలున్న తెడ్డు వేయాలి. 1912లో ఆస్ట్రేలియాలోని పోర్ట్ మెక్వారీ దగ్గర మెక్లారెన్ సోదరులు ఆల్చిప్పల పెంపకం కోసం వాడినదే దీని తొలి రూపాల్లో ఒకటి. అదీ ఒక సరస్సులోనే. పుట్టికి దూరపు చుట్టమన్నమాట.

నేర్చుకునేవాళ్ల పడవ వెడల్పు సుమారు 55 సెం.మీ., ఆరితేరినవాళ్లది 43. తేడా జానెడు కూడా లేదు. కానీ నీరిచ్చే నిలకడ వెడల్పు ఘనాన్ని బట్టి మారుతుంది. 55ను 43తో భాగిస్తే 1.28, దాని ఘనం 2.1. మిగతావన్నీ ఒకటే అనుకుంటే, సన్న పడవలో నిలకడ సగం కూడా మిగలదు. ఆ లోటును నడుముతో, తెడ్డుతో మనిషే పూడ్చుకోవాలి.

ఇక నీళ్లు. కిలోమీటరు మేర గంటకు 20 కి.మీ. గాలి వీస్తే చెరువులో లేచే అల 10 సెం.మీ. ఎత్తు, 2 మీటర్ల పొడవు. పడవ ఒకేసారి మూడు అలల మీద పరుచుకుంటుంది, పెద్దగా ఊగదు. విశాఖ తీరాన 8 సెకన్లకోసారి వచ్చే అల లోతు నీటిలో 100 మీటర్ల పొడవుంటుంది. పడవంతా ఒక్క వాలు మీదే. పోచారంలో కుదురుగా కూర్చున్నవాడు అక్కడా కూర్చుంటాడని నమ్మకం లేదు. అందుకే పడవను ఎంచుకోవాల్సింది మనం దిగబోయే నీళ్లలో అన్నిటికన్నా అల్లకల్లోలమైన రోజును చూసి.

వెడల్పు పడవ నెమ్మదని చాలామంది ముఖం చిట్లిస్తారు. లెక్క వేరేలా ఉంది. వేగం దాదాపు శక్తి ఘనమూలాన్ని బట్టి ఉంటుంది. పడిపోతానన్న భయంతో 30 శాతం బలం తగ్గించి తెడ్డేస్తే వేగం 11 శాతం పోతుంది. సన్నదనం ఇచ్చే లాభం అక్కడే కరిగిపోవచ్చు.

లైఫ్‌జాకెట్‌తో, పక్కన మరో పడవ పెట్టుకుని, లోతు నీళ్లలో కావాలనే పడి చూడండి. పదిసార్లు పడి, పదిసార్లూ సాయం లేకుండా ఎక్కగలిగితే అప్పుడు సన్న పడవ సంగతి ఆలోచించవచ్చు. పోచారం అభయారణ్యం కాబట్టి ముందు అటవీ శాఖ అనుమతి అడగాలి. అలుగు పారే రోజుల్లో అయితే 43 అయినా 55 అయినా ఒడ్డునే.