చదవలేకపోతే మొద్దేనా?

మా అక్క కొడుకు మూడో క్లాసు. కథ చెబితే పొల్లుపోకుండా తిరిగి చెప్తాడు. అదే కథ పుస్తకంలో చదవమంటే 'మ'కీ 'య'కీ తేడా తెలియక ఆగిపోతాడు. స్కూల్లో చెప్పింది ఒక్కటే: "ఇంకో ట్యూషన్ పెట్టించండి."

బద్ధకం వేరు, డిస్లెక్సియా వేరు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఇలాంటి అభ్యసన సమస్యలూ ఉన్నాయి. వీటిని వీలైనంత త్వరగా పసిగట్టి, బోధనలో తగిన మార్పులు చేయాలంటోంది ఆ చట్టం. ప్రభుత్వ గుర్తింపున్న ప్రైవేటు స్కూళ్లకూ ఇది వర్తిస్తుంది.

"పిల్లాడికి ముద్ర పడిపోతుందేమోరా" అని అక్క భయం. "మొద్దు అనే ముద్ర క్లాసులో ఎలాగూ వేస్తున్నారు కదక్కా, అసలు సమస్యేంటో తెలిస్తే నయం కదా" అన్నాను.

మీ ఇంట్లోనూ ఇలాంటి చిన్నారి ఉంటే ముందు క్లాస్ టీచర్‌ని కలవండి. చదవడంలోనా, రాయడంలోనా, లెక్కల్లోనా... ఎక్కడ తడబడుతున్నారో అడిగి రాసుకోండి. పరీక్ష చేయించమని హెడ్మాస్టర్‌కి అర్జీ కాగితం మీదే ఇవ్వండి, నోటిమాటగా వద్దు. మండల విద్యాధికారి ఆఫీసుకెళ్లి దగ్గర్లో 'భవిత' కేంద్రం ఎక్కడుందో కనుక్కోండి. సమగ్ర శిక్షా కింద నడిచే ఈ కేంద్రాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు నేర్పే రిసోర్స్ టీచర్లుంటారు.

సర్టిఫికెట్ వస్తే దాచుకోకండి. సీబీఎస్ఈ పదో తరగతి పరీక్షల్లో అదనపు సమయం, స్క్రైబ్ లాంటి వెసులుబాట్లకు అదే ఆధారం. అయితే పదో తరగతి దాకా ఆగొద్దు. మూడో క్లాసులో అడిగితే చదువు మీద భయం పట్టుకోకముందే సాయం అందుతుంది.