పాదరక్ష: వెలయు, విలువయు



నేటి ప్రసంగమునకు నేను స్వీకరించిన విషయము స్త్రీల పాదరక్షలు. వ్యాకరణమును కావ్యమును చదువుకొని, ముప్పదియేండ్లకు పైగా బడిలో పాఠములు చెప్పిన ముసలివాడు చెప్పులను గూర్చి ప్రసంగించుటేమని మీరు నవ్వవచ్చును. నవ్వుడు, తప్పులేదు. కాని యీ విషయము నాకు గ్రంథములలో దొరికినది కాదు. మా యింటి గడపయొద్ద దొరికినది.

కడచిన మాఘమాసమున మా యింట నొక వివాహము జరిగెను. విదేశమున నుద్యోగము చేయుచున్న మా మేనకోడలు పెండ్లికి వచ్చి, తన జోళ్లజతను గడప వెలుపల విడిచి లోనికి పోయెను. నల్లని నునుపైన తోలు; ముందుభాగమున నాడెతో కట్టిన చిన్న పువ్వుముడి; దానిపై బంగారువన్నె బిళ్ల; అంగుళమునకు కొంచెము మించిన మడమ. లోపల ఇటలీదేశపు వర్తకసంస్థయగు ఫెర్రగామోవారి పేరు. అరుగుమీద కూర్చున్న పెద్దలు వాని వెల యడిగిరి. ఒక పాడిగేదె వెలయని తెలిసినంతనే అరుగు సభయైనది.

మొదటివారు, “కాలిక్రింద వేసికొను తోలున కింత ధనమా? ఇది లక్ష్మిని కాలదన్నుట గాదా?” అనిరి. రెండవవారు, “ఎత్తుమడమలు నడుమును చెరచును. వైద్యులే చెప్పుచున్నారు” అనిరి. మూడవవారు గొంతు తగ్గించి, “పెద్దల యెదుట ఆడుది జోళ్లు తొడిగి టకటక నడచుట మన యింటా వంటా లేదు” అనిరి.

నే నప్పుడు మారుపలుకలేదు. తెలియని విషయమున తీర్పు చెప్పుట పంతులకు తగదు. పిమ్మట కొన్ని నెలలు ఆ పేరుగల మనుష్యుని చరిత్రమును, పాదముయొక్క నిర్మాణమును గూర్చి చదివితిని. ఆ మూడు మాటలకును నేడు నాకు తోచిన సమాధానము విన్నవించెదను.

సాల్వటోరే ఫెర్రగామో 1898వ సంవత్సరమున దక్షిణ ఇటలీలో బొనీతో అను పల్లెయందు జన్మించెను. పేదకుటుంబము, పదునలుగురు బిడ్డలలో పదునొకండవవాడు. ఊరిలో చెప్పులు కుట్టువాని యంగడిలో కూర్చుండి చూచుటయే యా బాలుని వేడుక. తానును ఆ పని నేర్చెదననగా తలిదండ్రు లొప్పుకొనలేదు. ఏలయన, ఆ పల్లెలోను జోళ్లు కుట్టుట తక్కువవారి పనియే. ఈ మాట చదివినప్పుడు నేను పుస్తకము మూసి కొంతసేపు ఊరకుంటిని. సముద్రముల కావలి పల్లెలో మన పల్లెయే నాకు కనబడినది.

ఆ యింటి ఆడపిల్ల చర్చిలో జరుగు కర్మకు తెల్లని జోళ్లు తొడుగవలసివచ్చినది. కొనుటకు ధనము లేదు. తొమ్మిదేండ్ల సాల్వటోరే సామగ్రి నడిగితెచ్చి, రాత్రి మేలుకొని జోళ్లు తానే కుట్టిపెట్టెను. అటుపిమ్మట వాని నాపినవారు లేరు. చిన్నతనముననే నేపుల్సు నగరమున పని నేర్చి, యౌవనము రాకమునుపే అమెరికాకు పోయి, 1923లో హాలీవుడ్డు చేరి, చలనచిత్రముల నటీనటులకు జోళ్లు చేసెను. ఆ యేటనే వెలువడిన ‘ది టెన్ కమాండ్‌మెంట్స్’ అను చిత్రమునకు పాదరక్షలు సమకూర్చినవాడు ఆయనయే.

చూచుటకు సొగసుగా నుండుట యొకటి, తొడిగినవారికి హాయిగా నుండుట వేరొకటి. తన జోళ్లు ఏల నొచ్చుచున్నవో తెలిసికొనగోరి ఆయన దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున శరీరనిర్మాణశాస్త్రము నభ్యసించెను. అచ్చట ఆయన కనుగొన్నది మీకు సులువుగ బోధపడునట్లు చెప్పెదను.

మనుష్యుని పాదమున ఇరువదియారు ఎముకలు గలవు. అవి కాలువపై కట్టిన వంతెన కమానువలె నడుమ వంపుతిరిగి కూర్పబడియున్నవి. తాపీపనివాడు గోడ నిలువు చూచుకొనుటకు త్రాటికి గుండు కట్టి వ్రేలాడదీయును గదా! అట్లే నిలుచున్న మనుష్యుని బరువు తిన్నగ దిగి ఆ నడిమివంపు మీద పడుచున్నదని ఆయన గ్రహించెను. అంతవరకు జోళ్లు చేయువారు మడమను, వ్రేళ్లను పట్టుకొని, నడిమివంపును గాలిలో విడిచిపెట్టుచుండిరి. ఆయన అచ్చట సన్నని యుక్కుబద్ద నమర్చి వంపునకు ఊత కల్పించెను.

1927లో ఆయన స్వదేశమునకు మరలి, ఫ్లోరెన్సు నగరమున చేతిపనివాండ్రను చేర్చుకొని కార్ఖానా పెట్టెను. 1933లో దివాలా తీసి, మరల నిలదొక్కుకొనెను. 1935లో ఇటలీ ఇథియోపియాపై దండెత్తగా, నానాజాతిసమితి ఆ దేశముతో వ్యాపారమును నిర్బంధించెను. మేలైన యుక్కు దొరకదయ్యెను. ఉక్కు లేనిచో వంపునకు ఊత యెట్లు? సీసాలకు బిరడాలు చేసెడు బెండును చెక్కి, మడమకును ముందటి అడుగునకును నడుమనున్న ఖాళీని పూర్తిగ నింపెను. నేడు మన సంతలోగూడ ఆడువారు కొనుచున్న దిమ్మమడమ చెప్పులకు ఆనాటి పనియే త్రోవ చూపినది. తోలు కరవైనప్పుడు మిఠాయిలు చుట్టెడు సెల్లోఫేను కాగితమును, చెట్లనారను జోళ్లలో వాడెను. 1947లో సన్నని నైలాను దారముతో పాదము కనబడునట్లు కూర్చిన జోడు చేసి, ఆ యేటనే అమెరికాలో నీమన్ మార్కస్ బహుమానము నందెను.

ఇక మొదటివారి మాట: వెల. తోలు మేలైనది, కొలతకు సరిపోవు అచ్చు చెక్కుటకు నేర్పు కావలెను, కుట్టు సన్నమైనది. వీనికి ధర యుండుట న్యాయమే. కాని పాడిగేదె వెల యంతయు తోలుది, కుట్టుది కాదు. అందు పేరుయొక్క వెలయు కలదు. ఫెర్రగామో 1960లో గతించినపిదప భార్యయగు వాండా వ్యాపారమును నడపెను. పెద్దకూతురు ఫియమ్మా 1978లో కల్పించిన ‘వారా’ అను జోడే మా మేనకోడలు తొడిగినది. 2011లో ఆ సంస్థ మిలాను నగరపు వాటాల విపణి కెక్కెను. అనగా కుట్టువాని పేరే వాటాలుగ అమ్ముడుపోవు సరకైనది.

పేరున కెంత విలువ వచ్చునో మరియొక దృష్టాంతము చెప్పెదను. ఫ్రాన్సుదేశమున క్రిస్టియన్ లుబుటాన్ అను నాతడు స్త్రీల జోళ్ల అడుగున ఎర్రరంగు పూయించును. ఆ యెరుపు నాదేయని ఆయన వ్యాజ్యమాడగా, పైభాగము వేరురంగుదైనచో ఎర్రని అడుగు ఆయన గుర్తుగ నుండవచ్చునని 2012లో న్యూయార్కునందలి అప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పెను. నడచునప్పుడు వెనుకవారికి మాత్రము కనబడు రంగునకై యింత పోరాటము! ఇది క్రొత్తవింత కాదు. పదునేడవ శతాబ్దమున ఫ్రాన్సును పాలించిన 14వ లూయీ రాజును, ఆయన కొలువులోని ప్రభువులును ఎర్రని మడమల జోళ్లు తొడిగి తమ గొప్పతనమును చాటుకొనిరి.

కావున నా తీర్పిది: పనితనమున కిచ్చిన ధనము వృథా కాదు, పేరున కిచ్చినది ఎవరి ముచ్చట వారిది. అప్పుచేసి కొన్నచో అవివేకము. మా మేనకోడలు తన సంపాదనతో కొన్నది. అదే పెండ్లిలో మేము మగవారము ఒక్క గడియలో బాణసంచకు కాల్చిన ధనము ఆ జోళ్ల వెలకు తక్కువ కాదు. దానిని గూర్చి అరుగుమీద ఎవ్వరును సభ తీర్పలేదు.

రెండవవారి మాటలో నిజము కలదు. మడమ యెత్తైనకొలది బరువు ముందునకు జారి వ్రేళ్ల మొదళ్లపై పడును. ఇరుకైన మొనలో వ్రేళ్లు నలిగి, బొటనవ్రేలి కీలు వంకరపోవచ్చును. ఏండ్లతరబడి తొడిగిన పిక్కకండరములు కురచబడును. లుబుటాను జోళ్లలో నాలుగంగుళములకు మించిన సన్నని మడమలు కలవు. ఫెర్రగామోయు నటీమణులకు అట్టివి చేసినవాడే. ఆ దోషమును దాచిపెట్టుట న్యాయము గాదు. కాని అంగుళము మించిన వెడల్పు మడమను ఆ గాటనే కట్టుట తగదు. మరియొక విశేషము: ఎత్తుమడమ తొలుత ఆడుదాని సొగసునకు పుట్టినది కాదు. పారసీకదేశపు ఆశ్వికులు రికాబులో పాదము జారకుండుటకు దానిని తొడిగిరి. వారినుండి ఐరోపా మగవారికి, వారినుండి ఆడువారికి వచ్చినది.

మూడవవారి మాటకు సమాధానము చెప్పుట నాకు కష్టము. ఏలయన ఆ మాట మా యింటిదే.

మా తల్లి జీవితమంతయు వట్టికాళ్లతో నడచినది. రోహిణికార్తె యెండలో కాలువనుండి బిందెతో నీరు తెచ్చునప్పుడు, దారిలో గడ్డిపరకలపై అడుగువేయుచు వచ్చుట నేను చూచితిని. ఒకనాడు మా తండ్రి ఆమె పాదమును కాగితముపై గీసి తీసికొనిపోయి, ఊరిచివర చర్మకారునిచేత ఒక జత కుట్టించి తెచ్చెను. ఇంటిలోని పెద్దలు ఏమియు అనలేదు, చూచిరి, అంతే. ఆ చూపు చాలినది. ఆమె వానిని మరల కాలికి తొడుగలేదు. ఆమె గతించినపిదప అటకమీద గోనెసంచిలో ఆ జత దొరకినది. అడుగు అరుగలేదు.

ఆ చెప్పులు కుట్టినవాడు మా వీధిలోనికి వచ్చునప్పుడు తన చెప్పులు చేతబట్టుకొని నడచుచుండెను. శ్రీరాముని పాదుకలు పదునాలుగేండ్లు సింహాసనముపై నుండెనని నేను బడిలో పిల్లలకు ఎన్నిమారులో చెప్పితిని. పాదుకలకు మ్రొక్కుదుము. వానిని చేయువాని చేత చెప్పులు విడిపించితిమి. వానిని తొడుగగోరిన తల్లిచేత అటక యెక్కించితిమి. దీనిని మర్యాద యనుకొంటిమి.

పెండ్లి ముగిసినపిదప ఆ పాతజతను మా మేనకోడలికి చూపితిని. ఆమె చేతిలోనికి తీసికొని త్రిప్పిచూచి, నడిమివంపునొద్ద బొటనవ్రేలితో నొక్కిచూచెను. అచ్చట మరియొక తోలుపొర వేసి, కొంచె మెత్తుగ కుట్టబడియున్నది. ఏ విశ్వవిద్యాలయమునకును పోని ఆ పనివాడు బరువెచ్చట పడునో ఎరిగియుండెను. “మామయ్యా, అమ్మమ్మకు వీనిని కుట్టిన దెవరు?” అని ఆమె యడిగెను.

నాయొద్ద సమాధానము లేకపోయెను. ఇటలీ పల్లెలో పుట్టిన చెప్పులు కుట్టువాని పేరు, ఊరు, పుట్టిన సంవత్సరము మీకు చెప్పగలిగితిని. మా యూరివాని పేరు నాకు తెలియదు. అడుగవలెనని అరువదియేండ్లలో నాకు తోచనేలేదు.

పెద్దలారా! మీ కూతురో కోడలో క్రొత్తజోళ్లు తెచ్చినప్పుడు, వెల యడుగుటకు ముందు పాదమున కవి హాయిగ నున్నవాయని యడుగుడు. మీ యూరిలో నేటికిని తోలుపని చేయువారున్నచో, ఒక జత కుట్టించుకొని, అడిగిన ధర యిచ్చి, వారి పేరు తెలిసికొనుడు. నేను అడుగవలసిన కాలమున అడుగనైతిని. మీకింకను వ్యవధి కలదు.

సెలవు.