ఇంటి భాషకు ఇల్లే బడి



సికింద్రాబాదు 1806లో నిజాం సికందర్ జా పేరిట వెలసిన దండు పట్నం. పెద్దలు నేటికీ దీనిని లష్కర్ అనే పిలుస్తారు. తెలుగు, తమిళం, ఉర్దూ, ఇంగ్లీషు ఒకే వీధిలో వినిపించే ఊరిది. మన పల్లెల నుండి ఎన్నో కుటుంబాలు చదువుల కోసం, ఉద్యోగాల కోసం ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాయి. పిల్లలు ఇంగ్లీషు బడులలో చక్కగా చదువుకుంటున్నారు. అందుకు దేవునికి స్తోత్రము. అయితే సెలవులకు ఊరికి వెళ్లినప్పుడు, చూపు మందగించిన నాయనమ్మ "ఒక అధ్యాయం చదివిపెట్టు నాయనా" అని అడిగితే, తల వంచుకునే పిల్లలు ఎందరో! తెలుగు మాట్లాడతారు గాని అక్షరం రాదు.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో 8 కోట్లకు పైగా ప్రజల మాతృభాష తెలుగు. ఇంతమంది మాట్లాడే భాషకేమి భయమని మనమనుకుంటాము. కాని దేశంలో భాష బ్రతికే ఉన్నా, ఒక ఇంటిలో అది ఒక్క తరములోనే మాసిపోవచ్చును.

ఐర్లాండు దేశపు సంగతి చూడండి. 1845లో మొదలైన గొప్ప కరవు ఐరిష్ మాట్లాడే పేదలనే ఎక్కువగా బలిగొన్నది. బ్రతుకుతెరువుకు ఇంగ్లీషే దారి అని తలిదండ్రులే పిల్లలతో ఐరిష్ మానివేశారు. 1893లో డగ్లస్ హైడ్, ఆయన మిత్రులు గేలిక్ లీగ్ స్థాపించి భాషను, పాటలను తిరిగి లేపడానికి పూనుకున్నారు. హైడ్ ఒక ప్రొటెస్టెంటు పాదిరిగారి కుమారుడు. 1938లో ఆయన ఆ దేశానికి మొదటి అధ్యక్షుడయ్యాడు. 1937 రాజ్యాంగం ఐరిష్‌ను ప్రథమ అధికార భాషగా ప్రకటించింది. బడులలో అందరికీ నేర్పుతున్నారు. అయినా 2022 జనాభా లెక్కలలో ఐరిష్ వచ్చునని చెప్పినవారు 18 లక్షలకు పైగా ఉంటే, బడి వెలుపల ప్రతిదినం మాట్లాడేవారు దాదాపు 72 వేలు మాత్రమే!

బడి భాషను నేర్పగలదు. దానిని బ్రతికించవలసినది ఇల్లు. తెలంగాణలో కూడా 2018లో పదవ తరగతి వరకు తెలుగు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. అది మంచిదే. కాని పరీక్ష కోసం చదివినది పరీక్షతోనే పోతుంది.

మనకు మరొక ఆస్తి ఉన్నది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరవండి. పాట పైన రాగము, తాళము పేర్లు కనబడతాయి. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరిగారి వంటి భక్తులు మన నేల రాగాలలోనే ప్రభువును స్తుతించారు. ఆ రాగాలు తెలిసిన పెద్దలు ఒక్కొక్కరే ప్రభువునందు నిద్రిస్తున్నారు. అచ్చులో అక్షరాలు మిగులుతాయి గాని, గొంతులోని రాగము మరొక గొంతుకు అందితేనే మిగులుతుంది.

కాబట్టి కొన్ని చిన్న పనులు మొదలుపెట్టుదము. కుటుంబ ప్రార్థనలో రోజుకు నాలుగు వచనాలు పిల్లల చేత తెలుగులోనే చదివించండి, తడబడితే నవ్వకండి. నెలకొక పాత కీర్తన తాతయ్య చేత పాడించి, పిల్లలకు నేర్పండి. అందరినీ అంకుల్, ఆంటీ అనక, పెదనాన్న, చిన్నమ్మ, మేనత్త, మామయ్య అని పిలవడం అలవాటు చేయండి. ఆ పిలుపులోనే బంధుత్వము తెలుస్తుంది. ఊరిలోని పెద్దలకు నెలకొక ఉత్తరం తెలుగులో వ్రాయించండి. పల్లెలో ఉన్నవారు సెలవులకు వచ్చిన పిల్లలకు పంటల పేర్లు, పనిముట్ల పేర్లు, సామెతలు చెప్పండి. ఇంటికి వచ్చిన మనుమలతో రాని ఇంగ్లీషులో మాట్లాడాలని మీరు ప్రయాసపడనక్కరలేదు.

ఇంగ్లీషు వద్దని మేము చెప్పడం లేదు. అది పిల్లలకు అన్నం పెట్టే భాష. కాని పెంతెకొస్తు దినమున కూడివచ్చినవారు దేవుని గొప్ప కార్యములను ఎవరి స్వభాషలో వారు విన్నారు గదా! మన పిల్లలకు కూడా ఆ భాగ్యము దక్కాలి. ఈ రాత్రి భోజనము ముందు చేసే ప్రార్థనను మీ ఇంటి చిన్నవారి చేత తెలుగులో చేయించండి.